జారింది బెల్టు, మొరాయించింది మాండ్రిల్: ఒక ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫు కేసు

పాత ఫోనోగ్రాఫు తెచ్చినవాళ్లలో చాలామంది ముందుగా అనే మాట ఒకటే: "బెల్టు లూజయిందండీ, కొంచెం బిగించి ఇవ్వండి." ఈ మెషిన్ తెచ్చినావిడ కూడా అదే అన్నారు. అయితే ఆవిడ సంగీతం చెప్పే మనిషి. జబ్బు ఏమిటో నాకంటే ముందే ఆవిడ చెవి పట్టేసింది.

"బాబూ, సూది ఆనించగానే శ్రుతి దిగిపోతోంది. దాదాపు అర స్వరం. పైగా దిగినచోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది."

ఈ మాట కాగితం మీద రాసిపెట్టుకున్నాను. కేసు మొత్తానికి ఇదే దారి చూపించింది.

మెషిన్ ఎడిసన్ స్టాండర్డ్, రెండు నిమిషాల సిలిండర్లు (పాట గాడిగా ఉన్న బోలు గొట్టాలు) మాత్రమే వాయించే రకం. స్టాండర్డ్ మోడల్ 1898లో మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో ఇళ్లలోకి బాగా వెళ్లిన మెషిన్లలో ఇదొకటి. నాలుగు నిమిషాల ఆంబరాల్ సిలిండర్లు 1908లో వచ్చాయి. ఈ మెషిన్‌కి వాటి గేరు లేదు. రీప్రొడ్యూసర్, అంటే సూది ఉండి శబ్దం పుట్టించే భాగం, మోడల్ సి, రెండు నిమిషాల మైనం సిలిండర్లకు సరిపోయేదే. చెక్కపెట్టె బాగుంది. నల్ల ఎనామెల్ వేసిన పై పలక మీద బంగారు గీతలు ఇంకా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి పని చేయాలని మొదట్లోనే అనుకున్నాను.

పై పలకను కీలు మీద ఎత్తి చూస్తే అసలు బెల్టు లేదు. దాని స్థానంలో లావుపాటి రబ్బర్ బ్యాండు ఒకటి ఉంది. ఎవరో ఎప్పుడో తాత్కాలికంగా వేసి ఉంటారు, అది అలాగే ఏళ్ల తరబడి ఉండిపోయింది. రబ్బరు సగం కరిగి పుల్లీలకు నల్లటి జిగురులా అంటుకుంది.

బెల్టు చేసే పని

ఈ మెషిన్లో శక్తి వెళ్లే దారి తెలిస్తే మిగతాదంతా తేలికే. క్రాంకు తిప్పితే డబ్బాలో ఉన్న మెయిన్ స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకుంటూ గేర్లను తిప్పుతుంది. గేర్ల చివర గవర్నర్ ఉంటుంది: సన్నని రేకు స్ప్రింగులకు బిగించిన బరువులు గిర్రున తిరుగుతూ బయటికి వంగుతాయి, దాంతో ఒక బిళ్ల జరిగి తోలు ప్యాడ్‌కు రాసుకుంటుంది, వేగం అక్కడ ఆగుతుంది. ఇదంతా పలక కిందే. అక్కడి మోటారు పుల్లీ నుంచి పలకలోని కంతగుండా పైకి వచ్చి మాండ్రిల్‌ని, అంటే సిలిండర్ తొడిగే కోసుగా ఉన్న గొట్టాన్ని, తిప్పేది బెల్టు.

అంటే గవర్నర్ బెల్టుకు ముందే ఉంది. మోటారు వేగం ఒక్కటే దాని చేతిలో ఉంది. బెల్టు జారిందనుకోండి, ఆ సంగతి గవర్నర్‌కు తెలిసే దారే లేదు. కింద మోటారు నిమ్మళంగా తన వేగంతో తను తిరుగుతూ ఉంటుంది, పైన పాట మాత్రం సాగిపోతుంది. స్పీడు స్క్రూ తిప్పి దీన్ని సరిచేయబోతే ఇవాళ కుదిరినట్టు కనిపిస్తుంది, రేపు మళ్లీ మొదటికొస్తుంది.

గేర్లతోనే నేరుగా తిప్పొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఈ సిలిండర్ల మీద శబ్దం గాడి అడుగున ఎత్తుపల్లాలుగా ఉంటుంది, సూది పైకీ కిందికీ ఊగుతూ చదువుతుంది. గేరు పళ్ల వణుకు మాండ్రిల్‌కు చేరితే అదీ పాటలో వినిపిస్తుంది. మధ్యలో మెత్తటి తోలు ఉంటే ఆ వణుకులో చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

జబ్బు తేల్చుకోవడం

రబ్బర్ బ్యాండు తీయకముందే కొలతలు తీసుకున్నాను. అప్పుడు తీసుకోకపోతే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు. 1902లో వచ్చిన గోల్డ్ మోల్డెడ్ రకం నుంచి సిలిండర్ల వేగం నిమిషానికి 160 చుట్లు. మాండ్రిల్ చివర చిన్న కాగితం ముక్క అంటించి 15 సెకన్లలో 40 చుట్లు వస్తున్నాయా అని లెక్కపెట్టడం అన్నిటికంటే సులువు. ఇంకా కచ్చితంగా కావాలంటే గీతల కాగితం చుట్టి మినుకుమనే లైటు కింద చూడాలి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 45 గీతలు చాలు. 50 హెర్ట్జ్ అయితే లెక్క 37.5 వస్తుంది, అరగీత గీయలేం కాబట్టి 75 గీస్తాం. ఒక్కో మెరుపుకు రెండేసి గీతలు జరుగుతాయి, చూపుకు మాత్రం నిలబడినట్టే ఉంటాయి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఇది పనిచేయదు, వాటి వెలుగు సరిగ్గా మినుకుమనదు. నేను నియాన్ ఇండికేటర్ వాడతాను.

సూది ఎత్తి ఉంచి స్పీడు స్క్రూతో 160కి సరిచేశాను. సూది ఆనించగానే 150 దగ్గరికి పడింది, అక్కడా నిలవలేదు. వేగం ఆరు శాతం తగ్గితే శ్రుతి అర స్వరం దిగుతుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. (ఈ పరీక్షలకు అప్పటికే బీటవారిన నా సొంత సిలిండర్ ఒకటి వాడతాను. ఏం జరుగుతుందో తెలియని మెషిన్ మీద ఎవరి మంచి సిలిండరూ పెట్టకూడదు.)

తర్వాత పలకను ఎత్తి ఆన్చి పెట్టి, మోటారు నడుస్తుండగా, మెత్తటి గుడ్డతో మాండ్రిల్‌ను మెల్లగా తాకాను. మాండ్రిల్ ఆగిపోయింది. కింద గవర్నర్ బరువులు మాత్రం అదే వేగంతో, అదే గుయ్యిమనే చప్పుడుతో తిరుగుతూనే ఉన్నాయి. జారుడు ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా కనిపించదు.

ఇక్కడే ఆగి కొత్త బెల్టు గట్టిగా బిగించేస్తే ఆ రోజుకు పాట బాగానే వచ్చేది. రబ్బర్ బ్యాండు వేసినవాళ్లు చేసింది కూడా అదే అయి ఉండొచ్చు. కానీ మోడల్ సి బరువు ఎంతని? దాన్ని మోయడానికి బెల్టుకు పెద్ద బలం అక్కర్లేదు. అంత తేలిక బరువుకే జారిందంటే ఇంకేదో పట్టుకుంటోందని అర్థం.

స్ప్రింగును పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపించి ఆపాను. స్ప్రింగులో బలం ఉండగా మోటారు దగ్గర చెయ్యి పెట్టకూడదు. గవర్నర్ ఊడితే గేర్లు ఒక్కసారిగా తిరిగి పళ్లు విరుగుతాయి, వేళ్లకూ ప్రమాదమే. తర్వాత రబ్బర్ బ్యాండు కోసి తీసేసి, హాఫ్ నట్‌ను (ఫీడ్ స్క్రూ పట్టాల్లో కూర్చుని సూదిని సిలిండర్ వెంట జరిపే సగం నట్టు) ఫీడ్ స్క్రూ మీద నుంచి ఎత్తి, మాండ్రిల్‌ను వేలితో తోశాను. అర చుట్టు కూడా తిరక్కుండా ఆగిపోయింది.

దొంగ దొరికాడు. బేరింగుల్లో పాత నూనె గోధుమరంగు బంకలా గట్టిపడింది. బెల్టును నొక్కిపట్టే చిన్న టెన్షన్ చక్రం ఇరుసు కూడా అంతే, ఆ చక్రం తిరగడం లేదు, బెల్టు దాని మీద రాసుకుంటూ పోతోంది. హాఫ్ నట్ సర్దుబాటు కూడా ఎక్కువే ఉంది. స్క్రూ పట్టాల్లో కూర్చుంటే చాలు, దాన్ని అదమాల్సిన పని లేదు.

శుభ్రం చేయడం

బెల్టు కొలత మాండ్రిల్ తీయకముందే తీసుకోవాలి. సన్నని కాగితపు పట్టీని రెండు పుల్లీల చుట్టూ తిప్పి, టెన్షన్ చక్రాన్ని దాని కదలికకు సరిగ్గా మధ్యలో పట్టుకుని, కాగితం కలిసినచోట పెన్సిల్‌తో గీత పెట్టాను. ఈ మెషిన్‌కు చుట్టుకొలత 34 సెంటీమీటర్లకు కాస్త పైన వచ్చింది. చక్రం మధ్యలో ఉండాలనడానికి కారణం ఉంది: తోలు కొత్తలో కొద్దిగా సాగుతుంది, ఆ సాగుదల తీసుకోవడానికి చక్రానికి చోటుండాలి.

మాండ్రిల్ ఇరుసు విప్పి బేరింగులు, ఇరుసు కొనలు వైట్ పెట్రోల్‌తో తుడిచాను. ఫీడ్ స్క్రూని మెత్తటి బ్రష్‌తో మాత్రమే ముట్టుకున్నాను. అంగుళానికి 100 పట్టాలు ఉన్న స్క్రూ అది, గట్టి బ్రష్ వేస్తే జీవితాంతం గీత ఉండిపోతుంది. పుల్లీల మీద కరిగిన రబ్బరును చెక్కపుల్లతో గోకి, మిగిలింది స్పిరిట్ అద్దిన గుడ్డతో తీశాను. గుడ్డ మీద స్పిరిట్ వేయాలి, పుల్లీ మీద కాదు. ఒక్క చుక్క జారి పెట్టె మీద పడితే అక్కడి లక్క పాలిష్ తెల్లబడిపోతుంది, బంగారు గీతల మీద పడితే వాటిని మరిచిపోవాల్సిందే. ఈ ఒక్క పనికే గంటంబావు పట్టింది.

తిరిగి బిగించి ఒక్కో బేరింగుకు పల్చటి మెషిన్ ఆయిల్ ఒక్కొక్క చుక్క. మాండ్రిల్‌ను వేలితో తోస్తే ఈసారి ఆరేడు చుట్లు తిరిగి మెల్లగా ఆగింది. ఈ పరీక్ష నెగ్గకుండా ఏ మెషిన్‌కూ నేను బెల్టు వేయను.

తోలు, అతుకు

మళ్లీ రబ్బరే వేస్తే తప్పేమిటి, ఇప్పటి రికార్డ్ ప్లేయర్లలో రబ్బరు బెల్టే కదా అని ఆవిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ తిరిగే పళ్లెం బరువైనది, ఒకసారి తిరగడం మొదలుపెట్టాక ఆ బరువే వేగాన్ని నిలబెడుతుంది. ఇక్కడ మాండ్రిల్ తేలిక, పైగా హాఫ్ నట్ రాపిడి ఒక్కో చుట్టుకు ఒక్కోలా ఉంటుంది. రాపిడి పెరిగినప్పుడు రబ్బరు సాగుతుంది, తగ్గగానే ముడుచుకుని మాండ్రిల్‌ను ముందుకు లాగుతుంది. "దిగినచోట నిలబడదు" అని ఆవిడ అన్నది ఈ ఊపునే. తోలు అంతగా సాగదు, అదే సమయంలో గేర్ల వణుకునూ తాగేస్తుంది.

తోలు మందం 1.2 మిల్లీమీటర్ల చుట్టూ, అంతటా ఒకేలా ఉన్నది ఎంచుకున్నాను. జంతువు వెన్ను పొడవునా కోసిన పట్టీ తక్కువ సాగుతుంది, పొట్ట వైపుది బాగా సాగుతుంది. వెడల్పు పుల్లీ ముఖం కంటే ఒక వెంట్రుక తక్కువ. స్టీలు స్కేలు ఆనించి ఒకే ఊపులో కోయాలి. అంచు ఏమాత్రం వంపు తిరిగినా బెల్టు పుల్లీ మీద ఒక పక్కకు పాకుతుంది, ఎంత సర్దినా వినదు. కోసిన పట్టీకి చిన్న బరువు కట్టి ఒక రాత్రి వేలాడదీశాను.

మొదటి అతుకు నేను తొందరపడి చేశాను. బెల్టు వేసి నడిపితే 160 చుట్లు కచ్చితంగా వచ్చాయి, సూది ఆనించినా తగ్గలేదు. కానీ సాగిన స్వరం మీద చిన్న కుదుపు. ఒక క్రమంలో వస్తోంది. లెక్కపెట్టాను: మాండ్రిల్ మూడుంబావు చుట్లు తిరిగేసరికి ఒకసారి, అంటే సుమారు 1.2 సెకన్లకు ఒకసారి.

ఈ లెక్క చాలా ఉపయోగపడుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 160 చుట్ల వేగంలో మాండ్రిల్ ఒక చుట్టుకు 0.375 సెకను తీసుకుంటుంది. కుదుపు చుట్టుకొకసారి, అంటే సెకనుకు రెండున్నర సార్ల కంటే కాస్త ఎక్కువగా వస్తుంటే దోషం మాండ్రిల్‌లోనో, దాని పుల్లీలోనో, గుండ్రం తప్పిన సిలిండర్‌లోనో ఉంటుంది. బెల్టు ఒక పూర్తి చుట్టు వచ్చేసరికి ఈ మెషిన్లో మాండ్రిల్ మూడుంబావు చుట్లు తిరుగుతుంది. ఆ వ్యవధిలో కుదుపు వస్తే అది అతుకే. లెక్కకు అందకుండా, ఒకసారి త్వరగా ఒకసారి ఆలస్యంగా వస్తే జారుడు అనుకోవాలి. చప్పుడు విని ఊహించే బదులు గడియారం పట్టుకుని ఒక నిమిషం లెక్కపెడితే సగం విప్పదీతలు తప్పుతాయి.

కాలిపర్ పెట్టి చూస్తే బెల్టు 1.2, అతుకు దగ్గర 1.5. మూడు పదోవంతుల మిల్లీమీటరు. ఆ దిమ్మ పుల్లీ ఎక్కిన ప్రతిసారీ వేగం ఒక్క క్షణం మారుతోంది.

ఆ బెల్టు పక్కన పెట్టి కొత్త పట్టీ కోశాను. ఈసారి అతుకుకు 20 మిల్లీమీటర్లు వదిలాను, మొదటిసారి 10 మాత్రమే వదిలాను. తోలు కొనను అద్దం పలక మీద పరిచి, కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి, నా నుంచి బయటికి చిన్నచిన్న పొరలుగా తీశాను. కాగితం లాంటి పొరలు రావాలి. తునకలు వస్తున్నాయంటే బ్లేడు మొద్దుబారింది. చివరి రెండు మిల్లీమీటర్లు వెలుతురుకు పెట్టి చూస్తే వెలుగు కొద్దిగా కనపడేంత పల్చనయ్యాయి. రెండో కొనను ఎదుటి వైపు నుంచి అలాగే తీశాను, రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మళ్లీ 1.2 అయ్యేలా. ఒక గీత మీద రెండు కొనలనూ సూటిగా కలపాలి. కాస్త వంకర పోయినా బెల్టు మొత్తం వంకర తిరుగుతుంది. ఆరినా వంగే రకం రబ్బరు జిగురును రెండు వైపులా పల్చగా రాసి, తడి పోయి బంకగా మారాక కలిపి, రెండు చెక్కల మధ్య రాత్రంతా అదిమిపెట్టాను. గట్టిపడే సూపర్ గ్లూ ఇక్కడ వద్దు. అది పుల్లీ వంపు దగ్గర వంగదు, పగులుతుంది.

పొద్దున కొలిస్తే అతుకు దగ్గర 1.25. చేతివేళ్ల మధ్య లాగితే అతుకు ఎక్కడుందో తెలియలేదు, కళ్లతో వెతుక్కోవాల్సి వచ్చింది.

బెల్టు వేయడం

నునుపు వైపు పుల్లీకి తగిలేలా వేశాను. పాత కార్ఖానాల్లో తోలు బెల్టులు వాడినవాళ్ల పద్ధతి అదే, నా అనుభవంలోనూ నునుపు వైపే పుల్లీని బాగా పట్టుకుంటుంది. కొందరు గరుకు వైపు వేస్తారు. అది మొదట బాగా పట్టినట్టు అనిపించినా పీచు రాలి పుల్లీ మీద పేరుకుంటుంది. అతుకు పల్చటి కొస పుల్లీకి ఎదురెళ్లి లేచిపోకుండా, వెనకాలే వచ్చేలా బెల్టు దిశ చూసుకున్నాను. మాండ్రిల్ ఇరుసు ఒక కొన బేరింగు నుంచి తప్పించి, కంతలోంచి బెల్టు దింపి, కింద మోటారు పుల్లీకి, టెన్షన్ చక్రానికి తగిలించి మళ్లీ బిగించడం పది నిమిషాల పని.

టెన్షన్ ఎంత ఉండాలన్నది మాత్రం ఓపిగ్గా చూసుకోవాలి. సూది ఆనించినప్పుడు జారనంత ఉంటే చాలు, అంతకుమించి ఒక్క పిసరు వద్దు. బిగువైన బెల్టు ఇరుసులను పక్కకు లాగుతుంది, బేరింగు ఒకవైపే అరుగుతుంది, స్ప్రింగు బలం వృథా అయి పాట పూర్తయ్యేలోపే మెషిన్ నీరసపడుతుంది. నేను లూజుగా మొదలుపెట్టి, గుడ్డతో మాండ్రిల్‌ను తాకుతూ కొంచెం కొంచెంగా పెంచుతాను. గుడ్డ తాకిడికి మాండ్రిల్‌తో పాటు కింద గవర్నర్ చప్పుడు కూడా కొద్దిగా బరువెక్కితే బెల్టు పట్టిందని తెలుస్తుంది. ఇంకా గట్టిగా నొక్కితే జారాలి కూడా. ఏదైనా ఇరుక్కున్న రోజున బెల్టు జారితేనే ఫీడ్ స్క్రూ, గేరు పళ్లు బతుకుతాయి.

బెల్టుకు నూనె గానీ రాళ (రోజిన్) పొడి గానీ ఏదీ రాయలేదు.

ఆఖరి కొలత: సూది ఎత్తి 160, ఆనిస్తే 159. సిలిండర్ మొదట్లో, చివర్లో ఒకటే. సిలిండర్‌లో ఇదొక అందం: గాడి ఎక్కడున్నా చుట్టుకొలత మారదు, కాబట్టి పళ్లెం రికార్డులో మాదిరి లోపలికి వెళ్లేకొద్దీ గాడి వేగం తగ్గిపోవడం ఉండదు. మొదటి స్వరానికీ చివరి స్వరానికీ ఒకే వేగం, సెకనుకు దాదాపు 46 సెంటీమీటర్లు.

ఆవిడ తన సిలిండర్ తెచ్చారు. రెండు వేళ్లు లోపల పెట్టి విచ్చుకునేలా పట్టి మాండ్రిల్‌కు తొడిగారు, మైనం మీద చెయ్యి తగలకుండా. పాటకు ముందు అనౌన్సర్ గొంతు పాట పేరు, పాడేవారి పేరు చెప్పింది. ఆవిడ కళ్లు మూసుకుని మొదటి స్వరం పట్టుకుని చివరిదాకా లోలోపల పాడుకున్నారు. సూది ఎత్తాక, "దిగలేదు బాబూ," అన్నారు.

మూడు వారాల తర్వాత మెషిన్ మళ్లీ చూశాను. బెల్టు కొద్దిగా సాగింది, టెన్షన్ చక్రం ఆ మేరకు జరిగింది, దానికింకా బోలెడు చోటుంది. బెల్టు ముట్టుకోలేదు.

మొన్న ఆవిడ ఫోన్ చేశారు. ఒక్క సిలిండర్ మీద మాత్రం ఊపు వస్తోందట. మళ్లీ బెల్టేనేమోనని భయపడుతున్నారనుకున్నాను.

"లెక్కపెట్టాను బాబూ. పది సెకన్లలో ఇరవై ఆరో ఇరవై ఏడో వస్తున్నాయి. మిగతా సిలిండర్ల మీద లేదు."

"అయితే అది సిలిండరేనమ్మా, గుండ్రం తప్పింది."

"నేనూ అదే అనుకున్నాను. దాన్ని వేరే పెట్టేశాను," అన్నారు ఆవిడ.